రాళ్లు లేని తూకం

మూత తీసిన జాడీ ముందు నన్ను నిలబెట్టి పోయిన వారం పత్రిక మూసేశారు మీరు. నేనింకా అక్కడే ఉన్నాను. కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

మాది నువ్వుల ఎగుమతి కంపెనీ. ఇరవై ఏళ్ల కిందట నాన్న సముద్రం అవతలి నూనె కంపెనీ పెద్దాయనతో ఒక ఒప్పందం చేసుకున్నాడు. మూడు కిలోల మేలైన నువ్వులు జాడీలో పోసి మూత పెట్టారు. ఏటా మొదటి సరుకుతో పాటు, జాడీలో ఉన్నదాంట్లో సరిగ్గా సగం శాంపిలుగా పంపాలి. ఆ ఏటి సరుకు ఆ శాంపిలుకు తగ్గకూడదు. జాడీలో పంచడానికి గింజ ఉన్నంత కాలం వాళ్లు మా దగ్గర తప్ప ఇంకెక్కడా కొనకూడదు. "సగం పంపితే సగం మిగులుతుంది. ఆ సగంలో మళ్లీ సగం. ఇంక అయిపోయేదెప్పుడు?" అని నాన్న ఊరంతా చెప్పుకున్నాడు. బజారులో ఆయనకు 'సగం సారు' అని పేరు పడింది. ఆయన దాన్ని బిరుదుగానే తీసుకున్నాడు. పన్నెండేళ్ల వయసులో నేను గీసిన పడుకున్న ఎనిమిదిని, అంటే లెక్కల్లో అనంతానికి రాసే గుర్తును, మా ప్రతి బస్తా మీదా ముద్ర వేయించాడు.

ఇప్పుడు నేను కాలేజీలో లెక్కలు చెప్తాను. అనంతం నా సబ్జెక్టు. ఒప్పందానికి ఇరవై ఏళ్లు నిండుతున్నాయి, కంపెనీ గురించి నాలుగు మంచి మాటలు రాసిపెట్టమని నాన్న అడిగితే, రాసే ముందు సరదాగా ఒక లెక్క వేశాను. మూడు కిలోలంటే సుమారు పది లక్షల గింజలు. పదిసార్లు సగం చేస్తే వెయ్యి. ఇంకో తొమ్మిదిసార్లు చేస్తే రెండు. అంటే ఇరవయ్యో ఏట జాడీలో ఉండాల్సినవి రెండే రెండు గింజలు. మూత తీసి చూస్తే మూడు గుప్పిళ్లు ఉన్నాయి.

అదీ సంగతి. ఇంక ముందుకు పోదాం.

మా శాంపిలు గది పదడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఒక కిటికీ, ఒక బల్ల, దూలానికి వేలాడే ఇత్తడి తక్కెడ, లక్క కరిగించే చిన్న దీపం. తూకపు రాళ్లు మాత్రం ఒక్కటి కూడా కనబడవు. అది నాన్న పెట్టిన నియమం. సగం చేయడానికి రాయి ఎందుకు, రెండు పళ్లేలు సమానంగా నిలబడితే చాలదా అంటాడు. రాయి పెడితే మనిషి రాయిని నమ్ముకుంటాడట, పెట్టకపోతే కన్ను నమ్ముకుంటాడట. ఆఫీసుకు ఎవరొచ్చినా ముందు ఈ గది చూపించాకే మంచినీళ్లిస్తాడు. ఆ గొప్పే మా కొంప ముంచింది. రాళ్లు లేవు గనక ఏటా పంపిన సగం ఎంతో ఎవరూ రాయలేదు. ఎంత మిగిలిందో ఎవరూ అడగలేదు.

ఆ తక్కెడ ముట్టుకునే హక్కు ఒక్క తూకం బాబాయికే ఉంది. నాన్నకు సొంత తమ్ముడు. ఐదో తరగతితోనే బడికి ఒక దణ్ణం పెట్టి వచ్చేశాడు గానీ, బస్తాలో చెయ్యి పెట్టి గింజలో తేమ ఎంతుందో చెప్పేస్తాడు. ఏటా ఒక రోజు ఈ గది తలుపు వేసుకుంటాడు. తక్కెడ ముల్లు కదలకుండా నిలబడేదాకా అటో చిటికెడు, ఇటో చిటికెడు వేసుకుంటూ గంటసేపు ఉంటాడు. బయటికి వచ్చి "సరిపోయింది" అంటాడు. ఇరవై ఏళ్లలో ఆ మాట మీద ఇంకో మాట అడిగినవాళ్లు లేరు.

ఆ రోజు ఉదయం తొమ్మిదైంది. నూనె కంపెనీ నుంచి నాణ్యత చూసే ఆవిడ పదకొండుకు వస్తుంది. ఇరవయ్యో శాంపిలు తానే స్వయంగా తీసుకెళ్తానని, ఒప్పందం మీద కొత్తగా సంతకం పెడతానని ముందే ఉత్తరం రాసింది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, మీసం దువ్వుకుని గదిలోకి వచ్చాడు.

"మూత అప్పుడే తీశావేంటి తల్లీ? ఆవిడ ముందు తీద్దాం అనుకున్నాంగా."

"నాన్నా, ఇందులో ఎన్ని గింజలుండాలో తెలుసా నీకు?"

"ఉన్నన్ని ఉంటాయి."

"రెండుండాలి."

నాన్న నవ్వాడు. నేను లెక్క వేసిన కాగితం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదివి, తిరిగి నా చేతిలో పెట్టేశాడు.

"లెక్క ఎక్కడో తప్పావు. సగానికి ఎప్పుడూ సగం ఉంటుంది. నీకు నేర్పిందే నేను."

నిజమే. నా ఏడో ఏట ఈ గోడౌనులోనే నేర్పాడు. గోడ దగ్గర నిలబెట్టి తలుపు దాకా ఉన్న దూరంలో సగం నడవమన్నాడు. తర్వాత మిగిలినదాంట్లో సగం. మళ్లీ సగం. "ఇలా నడిస్తే తలుపు ఎప్పటికీ రాదు, చూస్తూ ఉండు" అన్నాడు. తొమ్మిదోసారికి నా ముక్కు తలుపుకు కొట్టుకుంది. ఆ రోజు నుంచి నాకు అనంతం మీద మోజు, నాన్నకు నా ముక్కు మీద కోపం.

"నువ్వు నేర్పిందాంట్లో తప్పు లేదు నాన్నా. అంకెను ఎన్నిసార్లైనా సగం చేసుకుంటూ పోవచ్చు, దానికి అంతు లేదు. గింజ అలా కాదు. ఆఖరి గింజను కోస్తే రెండు ముక్కలొస్తాయి, రెండు గింజలు రావు. ఒప్పందంలో మీరు రాసుకుంది గింజ అని."

"కూర్చుని తింటే కొండలు తరుగుతాయన్నారు గానీ, పంచితే తరుగుతాయని ఎవరన్నారు?"

"పంచినా తరుగుతాయి నాన్నా."

మా నాన్న తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కానీ లెక్క ముందు మొండికేసే మనిషి కాదు. కిటికీ వైపు తిరిగి వేళ్ల మీద సగాలు వేసుకోవడం మొదలుపెట్టాడు. పది లక్షలు, ఐదు లక్షలు, రెండున్నర. పదో వేలు దగ్గర ఆగాడు. మిగతా తొమ్మిదీ లెక్కపెట్టాల్సిన పని లేదని ఆయనకు అర్థమైంది. వచ్చి జాడీలోకి తొంగి చూశాడు.

"మరి ఇవి?"

గుమ్మంలో నిలబడ్డ మనిషి జవాబు చెప్పాడు.

"నేనే అన్నయ్యా."

తూకం బాబాయి ఎప్పుడు వచ్చాడో మేం చూడలేదు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలుపుతున్నాడు.

"నాలుగో ఏడు పంచాక జాడీ అడుగు కనబడింది. నాకు లెక్కలు రావు. కానీ అడుగు కనబడ్డాక ఏమవుతుందో ఆ మాత్రం తెలుసు. నువ్వు చూస్తే ఊరంతా తిరిగి తరగదు, తరగదు అని చెప్పుకుంటున్నావు. నీ మాట పోతుందని భయమేసింది."

"భయమేసి?"

"సగం అటు పంపించాక, మిగిలిన సగాన్ని మళ్లీ అంతకు నింపేవాణ్ని. ఆ తర్వాత ఏడు నుంచి ప్రతి ఏడూ."

మా ఇంట్లో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. పొద్దున పిన్ని చెవిన వేసిన మాట మధ్యాహ్నానికి గోడౌనులో కూలీల దాకా వెళ్లిపోతుంది. అలాంటి ఇంట్లో ఈయన పదహారేళ్లు ఒక్కడే ఇంత మాట కడుపులో పెట్టుకున్నాడు. నాకు కోపం రావాలి. రాలేదు.

నాన్నకు వచ్చింది. అరవలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని చాలా మెల్లగా మాట్లాడాడు. అది అరుపు కంటే అన్యాయంగా ఉంటుంది.

"అయితే నేను ఇన్నాళ్లూ మీసం మెలేసింది నీ దొంగతనం మీదన్నమాట."

బాబాయి తల దించుకున్నాడు.

నిజం చెప్పేస్తాను. ఆ క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఏమంత గొప్పది కాదు. ఈ గోడౌను మీద అరవై కుటుంబాలు బతుకుతున్నాయి. జాడీ మీద మూత పెట్టేసి, కాగితం చింపేసి, పదకొండింటికి ముగ్గురం నవ్వుతూ నిలబడితే ఏమీ జరగనట్టే ఉంటుంది. లెక్క తెలిసింది మా ముగ్గురికేగా. అదే పైకి అనేశాను.

"మూత పెట్టేద్దామా నాన్నా?"

నాన్న నా చేతిలోని కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"బస్తా మీద ఆ గుర్తు గీసింది నువ్వు. అడుగుతున్నదీ నువ్వేనా?"

నాకు తల తీసేసినట్టయింది.

"రేవులో మన బస్తా ఎవరూ విప్పరు. ముద్ర చూసి పంపించేస్తారు. అలా పంపించాలని నేను ఎన్నేళ్లు తిరిగానో నీ బాబాయికి తెలుసు. ఇప్పుడు తెలిసీ తెలియనట్టు ఉంటే, ఆ ముద్రకూ బొగ్గు గీతకూ తేడా ఏంటి? ఆవిడ రాగానే నేనే చెప్తా. ఒప్పందం పోతే పోనీ. కొత్తది వెతుక్కుంటాం. వయసు అరవై రెండేగా."

"నన్ను పనిలోంచి తీసేశానని చెప్పు అన్నయ్యా. నా మీద పెట్టెయ్" అన్నాడు బాబాయి.

"నోరు మూసుకుని చొక్కా మార్చుకుని రా. నువ్వులు నీ జేబులోంచి రాలుతున్నాయి."

నూనె కంపెనీ ఆవిడ పదకొండుకు ఐదు నిమిషాల ముందే వచ్చింది. నలభై ఏళ్లుంటాయి, తెలుగావిడే. చేతిలో చిన్న స్టీలు పెట్టె. శాంపిలు గది గుమ్మంలో ఎవరూ చెప్పకుండానే ఆగి, చేతులు గుడ్డతో తుడుచుకుని లోపలికి వచ్చింది. అప్పుడే నాకు ఆవిడంటే భయం, గౌరవం రెండూ కలిగాయి.

నాన్న కూర్చోలేదు. నిలబడే చెప్పాడు.

"అమ్మా, కాఫీకి ముందు ఒక మాట వినాలి మీరు. ఈ జాడీలో ఈ రోజు ఉండాల్సినవి రెండు గింజలు. మిగతావన్నీ మధ్యలో కలిపినవి. మీకు శాంపిలుగా చెల్లవు. తూకం వేసింది నా తమ్ముడు. వేయించింది నేను. తప్పు కంపెనీది. దీన్ని మా అమ్మాయి లెక్క వేసి పట్టుకుంది." ఒక్క క్షణం ఆగి, ఆగలేక, "మా అమ్మాయి కాలేజీలో లెక్కలు చెప్తుందండీ" అన్నాడు.

తల మీద కొండ కూలుతున్నా ఆ ఒక్క ముక్క చేర్చకుండా ఉండలేకపోయాడు. నేను కిటికీ వైపు చూశాను. నా కళ్లు ఆవిడకు కనబడటం నాకిష్టం లేదు.

"తెలుసండీ" అంది ఆవిడ.

బల్ల దగ్గర కూర్చుని స్టీలు పెట్టెలోంచి ఒక కాగితం తీసింది.

"మీ దగ్గర రాళ్లు లేవు గానీ మా దగ్గర ఉన్నాయి. మొదటి ఏడు కిలోన్నర వచ్చింది. తర్వాత ముప్పావు కిలో. తర్వాత మూడు వందల డెబ్బయి ఐదు గ్రాములు, ఆ పైన అందులో సగం. ఐదో ఏటి నుంచి మాత్రం ఏటా తొంభై నాలుగు గ్రాములే. మూడు కిలోల జాడీలోంచి సగం, సగం చొప్పున ఎన్ని వందల ఏళ్లు పంపినా అన్నీ కలిపి మూడు కిలోలు దాటకూడదు కదా. ఏడో ఏట దాటింది. ఇప్పుడు మా అలమారాలో నాలుగు కిలోల రెండు వందలు ఉన్నాయి."

అంతు లేని సగాలన్నీ కూడినా ఒకటిని దాటవని నేను ఏటా పిల్లలకు బోర్డు మీద రాసి చూపిస్తాను. జాడీలో ఏం మిగిలిందో చూశాను గానీ, అవతలి ఒడ్డున ఏం పోగుపడుతోందో చూడాలని నాకు తట్టలేదు. ఆవిడకు తట్టింది. కాస్త కుళ్లుకున్నానని ఒప్పుకుంటాను.

"ఇన్నేళ్లు తెలిసీ అడగలేదేంటండీ?" అన్నాను.

"మా పెద్దాయన అడగనివ్వలేదు. ప్రతి పొట్లం విడిగా దాచి పరీక్ష చేయించేవారు. నూనె శాతం, రంగు, గింజ బరువు, అన్నీ మొదటి పొట్లంతో సరిపోయేవి. బజారులో కొని కలిపితే అంత సరిగ్గా కుదరదు. ఇరవయ్యో ఏట నువ్వే వెళ్లు, వాళ్లంతట వాళ్లు చెప్తారేమో చూడు, చెప్పకపోతే సంతకం పెట్టకుండా తిరిగి వచ్చెయ్ అన్నారు. మీరు చెప్పారు. ఇంక నేను అడగాల్సింది ఒక్కటే ఉంది."

చొక్కా మార్చుకుని వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డ బాబాయి వైపు తిరిగింది ఆవిడ.

"కలిపిన గింజలు ఎక్కడివండీ? అవి వేరే చోటివైతే పదహారేళ్లుగా మీ సరుకును దొంగ శాంపిలుతో పోల్చి మాకు అమ్మినట్టే. ఒప్పందం ఈ పూటే రద్దవుతుంది. మా పెద్దాయన మంచితనం దానికి అడ్డం రాదు."

బాబాయి మొదటిసారి తల ఎత్తాడు.

"బయటి గింజ ఒక్కటి కలపలేదమ్మా. నాతో రండి."

గోడౌను చివర చిరిగిన గోనెసంచుల గుట్ట ఉంటుంది. దాని వెనక చిన్న తలుపు. మోకాళ్ల నొప్పుల వల్ల నాన్న అటు వెళ్లి ఎన్నేళ్లయిందో. బాబాయి రోజూ సాయంత్రం అటు వెళ్తాడని అందరికీ తెలుసు. సిగరెట్టు కాల్చుకోవడానికేనని పిన్ని అనుమానం. ఇంటికి రాగానే చొక్కా వాసన చూసి, ఏ వాసనా లేకపోతే ఇంకా ఎక్కువ తిట్టేది. ఆయన ఒక్కసారీ కాదనలేదు.

తలుపు తీశాడు. గోడ పొడవునా పన్నెండడుగుల వెడల్పు నేల. నడుము ఎత్తు నువ్వు చేను నిలబడి ఉంది. కొమ్మల చివర తెల్లని పూలు, కింద పచ్చని కాయలు. సాళ్లు ఎంత తిన్నగా ఉన్నాయంటే తాడు కట్టి వేసినట్టున్నాయి. నాన్న గుమ్మం పట్టుకుని నిలబడిపోయాడు.

"అడుగు కనబడ్డ రోజే జాడీలోంచి ఒక గుప్పెడు తీసి ఇక్కడ చల్లాను" అన్నాడు బాబాయి. "మూడు నెలల్లో ఐదు కిలోలు వచ్చాయి. జాడీకి కావాల్సినంత తీసుకుని, మళ్లీ ఏటికి విత్తనం దాచుకుని, మిగతావి పిట్టలకు వదిలేశాను. దగ్గర్లో ఇంకో రకం నువ్వు మొలిస్తే పీకేసేవాణ్ని, కలిస్తే జాతి చెడుతుంది. అన్నీ ఆ మొదటి జాడీ గింజల పిల్లలే. ఇది పదహారో పంట."

ఎనిమిదేళ్లుగా అనంతం గురించి పాఠాలు చెప్తున్నాను. నా కాగితం మీద గింజ అంటే సగం చేసుకుంటూ పోయే వస్తువు, అంతే. అది మొలుస్తుందన్న సంగతి నా లెక్కలో ఎక్కడా లేదు. ఐదో తరగతి చదివిన మనిషి జాడీ అడుగు చూసి భయపడి, ఆ భయంలోనే నాకు దొరకని జవాబు పట్టుకున్నాడు. సిగ్గేసింది. అంతకు పదింతలు గర్వంగా అనిపించింది. ఈయన మా బాబాయి అని ఎవరికైనా చెప్పాలనిపించింది, చెప్పడానికి కొత్తవాళ్లు ఎవరూ లేకపోయారు.

నాన్నకు ఆ ఇబ్బంది లేదు. కాళ్లు ఈడ్చుకుంటూ సాళ్ల మధ్యకు వెళ్లి, ఒక మొక్కను మొదలు నుంచి చివర దాకా చేత్తో తడిమి చూసి, గొంతు సవరించుకుని ఆవిడతో అన్నాడు.

"మా తమ్ముడండీ. నా కంటే ఆరేళ్లు చిన్న. ఐదో తరగతి."

పదకొండు నుంచీ ఆవిడ బాబాయిని చూస్తూనే ఉంది. అయినా ఇప్పుడే పరిచయమైనట్టు మర్యాదగా తల ఊపింది. బాబాయి తువ్వాలుతో మొహం తుడుచుకోవడం మొదలుపెట్టి ఎంతకీ ఆపలేదు. నాన్న దగ్గరకు వెళ్లి ఆ తువ్వాలు లాగేసుకుని, "నాతో చెప్పి ఏడవచ్చు కదరా ఆ నాలుగో ఏడే" అన్నాడు.

ఆవిడ కింది కాయ ఒకటి కోసి అరచేతిలో చీల్చింది. స్టీలు పెట్టెలోంచి ఇరవై ఏళ్ల నాటి మొదటి పొట్లం తీసి, దాంట్లోని గింజలు నాలుగు పక్కన పెట్టింది. భూతద్దంతో ఎంతసేపు చూసిందో తెలియదు. నాకు మాత్రం అది ఒక పీరియడ్ అంత అనిపించింది.

"ఇదే గింజ" అంది చివరికి. "మీ శాంపిలు అయిపోలేదు. అయిపోయేలా కూడా లేదు."

నాన్న మీసం మీదికి చెయ్యి పోయింది.

ఆవిడ ఒప్పందం కాగితాలు తీసి, పెన్ను మూత విప్పింది. "ఒక్కటి చూసుకుని సంతకం పెట్టేస్తాను. రెండో పేరాలో ఉంది. శాంపిలు ఎప్పుడూ మీ సొంత ఆవరణలోనే ఉండాలి. ఒక్క రోజు ఇతరుల అధీనంలో ఉన్నా చెల్లదు. ఈ నేల మీదే కదా?"

"మాది కాక ఇంకెవరిదండీ" అన్నాడు నాన్న ఛాతీ విరుచుకుని.

బాబాయి చేను వైపు చూడటం లేదు. చేను దాటాక ఉన్న రేకుల కంచె వైపు చూస్తున్నాడు.

"అన్నయ్యా, మన నేల ఆ గోడతోనే అయిపోయింది" అన్నాడు. "ఇది పక్క కంపెనీ వాళ్లది. వాళ్లూ నువ్వులే ఎగుమతి చేస్తారుగా. ఇన్నేళ్లూ ఖాళీగా వదిలేశారు, నేనూ అడగలేదు. నిన్న వాళ్ల మేనేజరు టేపు పట్టుకుని వచ్చి ఈ మొక్కలన్నీ లెక్కపెట్టుకుని వెళ్లాడు."

ఆవిడ పెన్ను కాగితానికి అంగుళం దూరంలో ఆగిపోయింది. కంచె అవతల ఎవరో గేటు గడియ తీస్తున్నారు.